మూడో నంబరు ఎరుపు

పోర్తోలో వాన నది వైపు నుంచి మొదలవుతుంది.
అచ్చాఫీసు మేడమీద కిటికీ పక్క బల్ల నాది.
శుక్రవారం పొద్దున్నే తడి ఆరని కాగితాలు
ఆరువందలు వచ్చి పడతాయి,
అన్నిటి మీదా ఒకటే బొమ్మ, నలుపూ తెలుపూ.
రంగులు నేనద్దాలి. వందకింత అని కూలి.

గీసేది హెర్మీనియో గారు.
బొమ్మ కింద రెండు వాక్యాలు కూడా ఆయనవే,
ఆదివారానికల్లా ఊరంతా అప్పజెప్తుంది.
ఆయన మాటకు పదునుంది, కాదనను.
ఖజానా ఖాళీ అయిన వారం
ఖజానా ఒక విధవరాలు, చిరిగిన ముసుగు, చాచిన చెయ్యి.
చట్టసభ అమ్ముడుపోయిన వారం
చట్టసభ ఒక వేశ్య, మేజోడు మడమ దాకా జారింది.
ఇంగ్లీషువాడి దగ్గర అప్పు తెచ్చినప్పుడు
దేశం ముదురు పెళ్లికూతురు, నోట్లో పళ్లు మూడు.
మంత్రి మాత్రం మంత్రే.
ఆ మీసం ఆయనదే, ఆ కళ్లజోడు ఆయనదే,
ఎవరూ పొరబడకుండా కింద పేరు కూడా.

ఆడవాళ్ల చెంపలకు మూడో నంబరు ఎరుపు.
సిగ్గుకీ అదే, తాగుడుకీ అదే,
రంకెకీ అదే.
పదకొండేళ్లలో ఎన్ని వేల చెంపలో.
చెప్పొద్దూ, నేనూ నవ్వేదాన్ని.
బాగా గీస్తే నవ్వొస్తుంది, ఆపుకోవడం ఎవరి తరం?

మార్చిలో చేపల మీద సుంకం పెంచారు.
ఆ వారం సుంకం ఒక చేపలమ్మి:
బండ నడుము, తెరిచిన నోరు,
గంప కింద నలుగుతూ బక్క జనం.
ఎడమ చెంప మీద, ముక్కుకి వేలెడు దూరంలో
మిరియపు గింజంత పుట్టుమచ్చ.
దానికి గోధుమరంగు, ఒక్క చుక్క.
ఆరువందల చుక్కలు.

మంగళవారం బల్బీనా మెట్లెక్కి వచ్చింది.
వాసన ఆమెకంటే ముందొచ్చింది.
చేతిలో సార్డీన్లు చుట్టిన మా కాగితం,
నూనె ఇంకి, బొమ్మ వెనకనుంచి కూడా కనిపిస్తోంది.
"ఎవరిది ఇది?"
హెర్మీనియో గారు మర్యాదస్తుడు, లేచి నిలబడ్డారు.
"అది నువ్వు కాదమ్మా. అది సుంకం."
"సుంకానికి నా మచ్చెందుకు?"
"పోలిక కోసం. నేను మీ తరఫునే గీశాను,
మీ నెత్తిన పడ్డ పన్నునే తిట్టాను."
"తిట్టు. రోజూ నేనూ తిడతాను.
వసూలుకొచ్చేవాడు సన్నగా ఉంటాడు,
ఇస్త్రీ చొక్కా, మెల్లగా మాట్లాడతాడు.
వాణ్ని గీయకపోయావా?"
ఆయన నిజమే చెప్పారు, పాపం:
"వాణ్ని గీస్తే ఎవరూ నవ్వరు."

అత్త మీది కోపం దుత్త మీద.
పగిలేప్పుడు ఎలా ఉందని
దుత్తని ఎవరూ అడగరు.
అడక్కుండానే బల్బీనా చెప్పింది:
"రేవులో పిల్లలు నన్ను సుంకం, సుంకం అని పిలుస్తున్నారు.
కొనేవాళ్లు నవ్వి, ఒక రాగి నాణెం తగ్గించి ఇస్తున్నారు."
ఆ మచ్చ అద్దిన చెయ్యి ఎవరిదో ఆమె అడగలేదు.
నేను కుంచె కడుగుతూ కూర్చున్నాను,
నీళ్లు తెల్లబడిన తర్వాత కూడా.

ఏప్రిల్లో సుంకం తగ్గింది.
బొమ్మ వల్లేనన్నారు అందరూ. కావచ్చు.
తగ్గినదాంట్లో బల్బీనాకూ వాటా ఉంది.
పేరు మాత్రం తగ్గలేదు,
ఇప్పటికీ ఆమె సుంకమే.

ఈ శుక్రవారం బొమ్మ న్యాయస్థానం.
ఒక గుడ్డి ముసలమ్మ, ఎంగిలి మూతి,
పక్కన జడ్జి గారు జడ్జి గారిలాగే.
ముంచాను మూడో నంబరులో కుంచె.
మొదటిది చెయ్యి జారి ఆయన చెంపన పడిందనే చెప్తాను.
తక్కిన ఐదువందల తొంభై తొమ్మిదికీ
ఇంకా సాకు దొరకలేదు.
ముసలమ్మ ముఖం కాగితం తెలుపుకే వదిలేశాను.

కట్టలు బజారుకి వెళ్లిపోయాయి.
ఎవరైనా నవ్వారో లేదో తెలియదు,
సోమవారం నాకు పని ఉందో లేదో కూడా.
కింద వానలో ఎవరో సార్డీన్లు, సార్డీన్లని అరుస్తున్నారు.
గోరు సందున ఎరుపు
రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.